మెరిసే గ్రాఫంతా బంగారం కాదు

మా నాన్న ఫోన్ గ్యాలరీ తెరిస్తే మనుషుల ఫొటోలు తక్కువ, చీటీల ఫొటోలు ఎక్కువ. మాది బందరు పక్కన చిలకలపూడి. గుడికి వచ్చేవాళ్లకు మా ఊరంటే పాండురంగ స్వామి, మిగతా వాళ్లకు కవరింగ్ నగలు. లోపల రాగి లేదా ఇత్తడి, పైన బంగారు పూత. ‘చిలకలపూడి బంగారం’ అంటే మన ఇళ్లలో తెలియనివాళ్లు తక్కువ.

నాన్నది అందులో చిన్న వ్యాపారం. సొంత ఫ్యాక్టరీ ఏమీ లేదు. ఒకరి దగ్గర డై మీద ముక్కలు కొట్టిస్తారు, ఇంకొకరితో అతుకులు వేయిస్తారు, ప్లేటింగ్‌కి పంపుతారు, రాళ్లు అతికిస్తారు, ప్యాక్ చేయించి షాపులకు వేస్తారు. ఒక జత కమ్మలు షాపు అద్దం వెనక్కి చేరేలోపు ఐదారు గడపలు దాటుతాయి. ప్రతి లాటుతో పాటు ఒక చీటీ తిరుగుతుంది. ఎవరి చేతికి వెళ్తే వాళ్లు ఆ చీటీ మీద ఒక ముక్క రాస్తారు. చివరికి అది నాన్న దగ్గరికి వస్తుంది. ఆయన ఫొటో తీసి, చీటీని పాత బిస్కెట్ డబ్బాలో వేస్తారు. మా ఇంటి డేటాబేస్ అదే.

నేను గుడివాడ వైపు ఒక కాలేజీలో బీటెక్ చేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌గా పనిచేస్తున్నాను. నెలలో ఒక వారం ఇంటి నుంచి పని. పోయిన శ్రావణ మాసానికి ముందు ఇంటికి వచ్చేసరికి గొడవ నడుస్తోంది. వరలక్ష్మీ వ్రతం ఆర్డర్లు లేటయ్యాయి. ఒక షాపు వాళ్లు ఆర్డర్ కేన్సిల్ చేశారు. నాన్న అప్పటికే తేల్చేశారు.

“సరుకంతా ప్లేటింగ్ దగ్గరే ఆగుతోందిరా. ఇంకో యూనిట్ చూశాను. 60,000 అడ్వాన్స్ ఇచ్చి అక్కడికి మార్చేద్దాం.”

“ఆగు నాన్నా, గ్రాఫ్ గీసి చూద్దాం” అన్నాను నేను, పెద్ద డేటా సైంటిస్టులాగా.

ఈ సైట్‌లో నేను రాసేవి మామూలుగా ఫోన్ల గురించి, ల్యాప్‌టాప్‌ల గురించి. ఈసారి ఒక సాఫ్ట్‌వేర్ గురించి రాస్తున్నాను. అది నాకు నిజంగా ఉపయోగపడింది. దాన్ని నేను తప్పుగా వాడడం వల్ల ఒక మనిషికి నష్టం కూడా జరిగింది. రెండూ చెప్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను: గ్రాఫ్ బొమ్మ ఎవరి దగ్గరికి వెళ్లి ఏం అడగాలో చూపిస్తుంది. అంతకు మించి ఏమీ తేల్చదు.

గ్రాఫ్ అంటే బార్ చార్ట్ కాదు

ఇక్కడ గ్రాఫ్ అంటే ఎక్సెల్‌లో వేసే నిలువు పట్టీలు కాదు. చుక్కలు, గీతలు. చుక్క అంటే ఒక మనిషి, ఒక షాపు, ఒక ఖాతా, ఏదైనా. గీత అంటే వాళ్ల మధ్య సంబంధం. 1736లో ఆయిలర్ అనే గణిత శాస్త్రవేత్త కోనిగ్స్‌బర్గ్ అనే ఊళ్లో ఉన్న 7 వంతెనల లెక్క తేల్చడానికి ఇలాగే ఆలోచించాడు. ప్రతి వంతెననూ ఒక్కసారే దాటుతూ ఊరంతా తిరగగలమా అన్నది ప్రశ్న. నది ఎంత వెడల్పు, వీధి ఎంత పొడవు అన్నవి పక్కన పెట్టి, ఏది దేనికి కలిసింది అన్నదొక్కటే చూశాడు. కుదరదని తేలింది. గ్రాఫ్ థియరీ మొదలైంది అక్కడే అంటారు.

ఈ పనికి నేను వాడింది గెఫీ. ఫ్రాన్స్‌లో కాంపియెన్ టెక్నాలజీ యూనివర్సిటీ విద్యార్థులు 2008 ప్రాంతంలో మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. డబ్బులు కట్టక్కర్లేదు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలో నడుస్తుంది. లక్ష చుక్కలు, 10 లక్షల గీతల దాకా తట్టుకుంటుందని వాళ్లే చెప్తారు. మన అవసరం వందల్లోనే కాబట్టి 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఇన్‌స్టాల్ చేయడం ఇష్టం లేకపోతే బ్రౌజర్‌లోనే నడిచే గెఫీ లైట్ ఉంది. ఫోన్‌లో మాత్రం వద్దు. వేలు పెడితే మూడు చుక్కలు ఒకేసారి కదులుతాయి.

మొదటి బొమ్మ: నాన్న ఒక సూర్యుడు

బద్ధకం కొద్దీ ముందు సులువైన డేటా తీసుకున్నాను. నాన్న ఫోన్‌లోంచి మూడు నెలల యూపీఐ స్టేట్‌మెంట్ దింపి, సీఎస్‌వీగా మార్చి గెఫీలో వేశాను. వచ్చిన బొమ్మ చూసి నవ్వొచ్చింది. మధ్యలో నాన్న, చుట్టూ కిరణాల్లా గీతలు. అంతే.

ఆలోచిస్తే ఇంకోలా రావడానికి వీల్లేదు. అది నాన్న ఖాతా. అందులో ప్రతి లావాదేవీకి ఒక కొస నాన్నే. మీ కాల్ లాగ్‌తో గీసినా, మీ వాట్సాప్ చాట్‌లతో గీసినా మధ్యలో ఉండేది మీరే. అది చూసి ‘నెట్‌వర్క్‌లో నేనే కీలకం’ అనుకుంటే మనంత అమాయకులు ఉండరు. నోట్స్ యాప్‌లలో వచ్చే గ్రాఫ్ వ్యూ స్క్రీన్‌షాట్లు స్టేటస్ పెట్టుకునే మిత్రులకు కూడా ఇదే మాట. బొమ్మ బాగుంది, సరే. అది చూశాక మీకు ముందు తెలియనిది ఏం తెలిసింది?

సమస్య గీతల్లో ఉంది. నాన్న ఎవరికి ఎంత ఇచ్చారో స్టేట్‌మెంట్‌కి తెలుసు. సరుకు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో దానికి తెలియదు. లిస్టు ఎంత పొడుగున్నా, కలిపే గీత లేకపోతే అది ఉత్త లిస్టే.

దీనికి దేశమంతా చూసిన ఉదాహరణ ఎలక్టోరల్ బాండ్లు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. మార్చి 14న ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో రెండు లిస్టులు వచ్చాయి. ఒకటి బాండ్లు కొన్నవాళ్లది, ఇంకొకటి వాటిని మార్చుకున్న పార్టీలది. రెండు లిస్టులూ ఉన్నాయి గానీ, ఎవరి బాండు ఏ పార్టీకి వెళ్లిందో చెప్పే దారం లేదు. కోర్టు మళ్లీ గట్టిగా చెప్పాక, మార్చి 21న ప్రతి బాండుకూ ఉన్న ప్రత్యేక నంబర్లు బయటికి వచ్చాయి. ఒక్క కాలమ్ చేరింది. అంతవరకూ చుక్కలుగా ఉన్నవాటి మధ్య గీతలు గీయడం అప్పుడు కుదిరింది.

మా ఇంట్లో ఆ కాలమ్ బిస్కెట్ డబ్బాలో ఉంది.

ఒకే మనిషి, మూడు చుక్కలు

మూడు నెలల చీటీలు లెక్కేస్తే 140. ఫోన్ కెమెరాతో స్కాన్ చేసి చదివిద్దామని చూశాను. నూనె మరకలు, మడతలు, గొలుసుకట్టు రాత. ‘అతుకు’ని ‘అటుకు’ అని చదివేసరికి వదిలేశాను. రెండు రాత్రులు కూర్చుని చేత్తోనే టైప్ చేశాను. ఇప్పుడు అనిపిస్తోంది, మొత్తం పనిలో ఎక్కువ నేర్చుకున్నది ఆ రెండు రాత్రుల్లోనే అని.

ఎందుకంటే చీటీ మీద ఎవరూ పూర్తి పేరు రాయరు. ఒక చీటీలో ‘పోతేపల్లి’ అని ఉంటుంది. అక్కడ ఇమిటేషన్ జ్యూవెలరీ పార్కు ఉంది కాబట్టి, అటువైపు ఉన్న ప్లేటింగ్ యూనిట్ అని అర్థం. ఇంకో చీటీలో అదే యూనిట్ ‘పెద్దాయన’. యూపీఐలో చూస్తే ఆయన కోడలి పేరు. సాఫ్ట్‌వేర్‌కి ఇవి మూడూ వేర్వేరు. మూడు చిన్న చుక్కలు పెడుతుంది. నిజానికి అది ఒక పెద్ద చుక్క.

అలాగే రాళ్లు అతికించే ఆమె. నేను చిన్నప్పటి నుంచి రాళ్లత్త అని పిలుస్తాను. చీటీల్లో ‘రాళ్లు’ అని, ‘చివరిల్లు’ అని, ‘అత్త’ అని రకరకాలుగా ఉంది. డబ్బులు వెళ్లేది వాళ్లబ్బాయి నంబర్‌కి. అమ్మ పక్కన కూర్చుని ఒక్కొక్కటీ “ఇదీ అదీ ఒకరేరా” అని చెప్తుంటే కలుపుతూ పోయాను. 52 చుక్కలు 38కి దిగాయి.

ఇది ఏ ట్యుటోరియల్‌లోనూ సరిగ్గా చెప్పరు. రంగులు ఎలా వేయాలో అరగంట చూపిస్తారు. ఎవరు ఎవరో తేల్చుకోవడం మీద అర నిమిషం. అమ్మ పక్కన లేకపోతే నా గ్రాఫ్ మొదటి నిమిషం నుంచే అబద్ధం. ఇంకో చిన్న కిటుకు: నాన్న చుక్కను తీసేశాను. చీటీ ఎలాగూ ఆయన దగ్గరే మొదలై ఆయన దగ్గరే ముగుస్తుంది కాబట్టి, ఆయన ఉన్నంతసేపు మిగతావాళ్ల మధ్య ఏం జరుగుతోందో కనబడదు.

పెద్ద చుక్క వేరు, వంతెన చుక్క వేరు

ఇప్పుడు అసలు బొమ్మ వచ్చింది. చుక్క సైజుని డబ్బుతో ముడిపెట్టాను. ప్లేటింగ్ యూనిట్లు రెండూ బుడగల్లా ఉబ్బాయి. బంగారం ధర అందులోనే కలుస్తుంది కాబట్టి వాళ్ల బిల్లులు పెద్దవి. నాన్న స్క్రీన్ చూసి “నేను చెప్పలేదూ!” అన్నారు.

కానీ డబ్బు ఎక్కువ వెళ్లే చోటే సరుకు ఆగాలని రూలేమీ లేదు. ఇక్కడ ఇంకో కొలత ఉంది. ఇంగ్లిష్‌లో బిట్వీన్‌నెస్ అంటారు. 1977లో, అంటే మా వైపు ఉప్పెన వచ్చిన ఏడాది, లింటన్ ఫ్రీమన్ అనే సామాజిక శాస్త్రవేత్త దీన్ని పద్ధతిగా నిర్వచించాడు. ఏ రెండు చుక్కల మధ్యకైనా దగ్గరి దారి వెతికితే, ఆ దారుల్లో ఎన్ని ఈ చుక్క గుండా పోతాయి అన్నదే ఆ లెక్క.

మన భాషలో చెప్తాను. పులిగడ్డ - పెనుమూడి వారధి రాకముందు, అవనిగడ్డ నుంచి రేపల్లెకు రోడ్డు మీద వెళ్లాలంటే విజయవాడ తిరిగి రావాల్సిందే. నది అవతల ఊరు కనిపిస్తూనే ఉంటుంది, దారి మాత్రం అంత దూరం. ఆ ప్రయాణాలన్నింటికీ మధ్యలో ఉన్నందువల్ల విజయవాడకు వచ్చే స్కోరే బిట్వీన్‌నెస్. వారధి పడగానే ఆ స్కోరులో కొంత తగ్గిపోతుంది. ఊరు చిన్నదా పెద్దదా అన్నది ఈ లెక్కలో లేదు. దారి మధ్యలో ఉందా లేదా, అంతే.

చరిత్రలో దీనికి పేరున్న ఉదాహరణ ఇటలీలోని ఫ్లోరెన్స్. 15వ శతాబ్దంలో మెడిచి కుటుంబం అక్కడ ఎలా పైకొచ్చిందో 1993లో పాడ్జెట్, ఆన్సెల్ అనే ఇద్దరు పరిశోధకులు వివరించారు. పెళ్లి సంబంధాలు, వ్యాపార సంబంధాలు గీతలుగా వేసి చూస్తే, ఒకరితో ఒకరికి నేరుగా సంబంధం లేని కుటుంబాల మధ్య మెడిచిలే వంతెనగా కనిపించారు. వాళ్లకన్నా డబ్బున్న ఇళ్లు ఉన్నాయి. కానీ మధ్యలో ఉన్నది వీళ్లు.

గెఫీలో కుడివైపు స్టాటిస్టిక్స్‌లో ‘నెట్‌వర్క్ డయామీటర్’ నడిపితే బిట్వీన్‌నెస్ కూడా వస్తుంది. ఆ పేరుతో విడిగా బటన్ ఉండదు, మొదటిసారి నేనూ వెతుక్కున్నాను. లెక్క వచ్చాక చుక్కల సైజు దానికి మార్చాను. ప్లేటింగ్ బుడగలు చిన్నబోయాయి. రెండు యూనిట్లు ఉన్నాయి కాబట్టి ఒకటి ఆగినా సరుకు రెండోదాని గుండా వెళ్లగలదు. అంతవరకూ ఒక మూల కందిగింజంత ఉన్న చుక్క ఒక్కసారిగా ఉబ్బింది.

రాళ్లత్త.

రాళ్ల నగ ఏదైనా సరే, ప్లేటింగ్ నుంచి ప్యాకింగ్‌కి వెళ్లాలంటే ఆమె గడప దాటాల్సిందే. ఇంకో దారి లేదు. మాకు ఆమె మీద అయ్యే ఖర్చు ప్లేటింగ్ బిల్లులో చిన్న ముక్క. ఇన్నేళ్లుగా ఆమె పేరు వ్యాపారం మాటల్లో వినబడిందే లేదు.

ఇక్కడిదాకా సాఫ్ట్‌వేర్ చేసిన మేలు. ఇక్కడి నుంచి నేను చేసిన తప్పు.

నేను వాట్సాప్‌లో పెట్టిన బొమ్మ

చీటీల్లో రాళ్లత్త ఒక్కతే ఉంది. కానీ ఆ పని ఒక్కతే చేయదు, వీధిలో ఇంకో పదకొండు మంది ఆడవాళ్లకు పంచుతుంది. ‘డేటా పూర్తిగా ఉండాలి కదా’ అని అమ్మని అడిగి ఆ పదకొండు పేర్లూ రాసుకున్నాను. ఆమె చుట్టూ పదకొండు చుక్కలు పెట్టాను. ప్రతి చుక్క మీదా పేరు. ఎరుపు, నీలం, పసుపు రంగులు. చూడటానికి పాలపుంతలా ఉంది. బొమ్మని ఎక్స్‌పోర్ట్ చేసి ఇంటి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టి, కింద ఒక లైన్ రాశాను: ‘సరుకు ఆగేది ఇక్కడ.’ పెద్ద చుక్కకి బాణం గుర్తు.

నేను చూసింది వంతెనని. రాసింది అడ్డంకి అని. రెండూ ఒకటి కావు. ఒక చోట గుండా అందరూ వెళ్తున్నారంటే అక్కడే ఆగిపోతున్నారని కాదు. ఈ తేడా నాకు చదువులో తెలుసు. బొమ్మ అంత అందంగా వచ్చిన రాత్రి గుర్తు రాలేదు.

గ్రూప్‌లో మొదటి జవాబు బాబాయిది. ఆయనదీ ఇదే వ్యాపారం. “అయితే మధ్యలో ఆమె ఎందుకురా? ఆ పదకొండు మందికీ నేరుగా ఇచ్చేయొచ్చుగా?”

మర్నాడే ఆయన ఆ వీధికి వెళ్లి రెండిళ్ల ముందు నిలబడి కూలి రేటు మాట్లాడాడు. అందులో ఒకావిడ ఇంట్లో తెలియకుండా ఈ పని చేసుకుంటోంది. వచ్చిన డబ్బులు రాళ్లత్త దగ్గరే దాచుకునేదట. వాకిట్లో ఒక మగమనిషి వచ్చి నీ కూలి ఎంత అని అడిగాక ఇంకేం దాగుతుంది? ఆమె పని మానేసింది.

నేను వెళ్లేసరికి రాళ్లత్త పీట మీద కూర్చుని చిమటాతో రాయి పెడుతోంది. తల ఎత్తలేదు.

“బొమ్మ గీశావంట కదా నాయనా. అందులో నేను దొంగలా ఉన్నానంట.”

ఏం చెప్పను? ల్యాప్‌టాప్ తెరిచి, పేర్లు తీసేసి, ఆమెకే చూపించాను. చుక్క పెద్దగా ఉందంటే తప్పు చేసినట్టు కాదు అత్తా, అందరికీ నువ్వే కావాలని అర్థం అని చెప్పాను. ఆమె కాసేపు చూసింది. చూసి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

“మరి ఇందులో రోజు ఎక్కడుంది?”

నాకు అర్థం కాలేదు.

“శనివారం ప్లేటింగ్ నుంచి సరుకు వస్తుంది. దానికి సరిపడా రాళ్లు ఎప్పుడొస్తాయి? మీ నాన్న షాపుల నుంచి డబ్బులొచ్చాక కొంటాడు, మంగళవారమో బుధవారమో. ఆ నాలుగు రోజులూ సరుకు నా ఇంట్లో ఉంటుంది. అదుగో, ఆ మూల. నేను ఆపానా?”

మూలలో పాలిథీన్ కవర్లలో కమ్మలు మెరుస్తున్నాయి. నాన్న రాళ్లు పంపితే వాటికి పని మొదలవుతుంది.

నా 140 చీటీల్లో తేదీలు ఉన్నాయి. నేనే టైప్ చేయలేదు. సోర్స్, టార్గెట్ అని రెండు కాలమ్‌లు చాలని ట్యుటోరియల్ చెప్పింది కాబట్టి వదిలేశాను. రాళ్లు కొనడం అనేది చీటీలోనే లేదు, అది నాన్న జేబులో ఉంది. నాన్న చుక్కనైతే నేనే తీసేశాను. అసలు కారణం ఉన్న చోటు నా బొమ్మలో లేనే లేదు.

గీత ఇద్దరిది

ఈ సంగతి నా ఒక్కడిదే అయితే రాసేవాడిని కాదు. గ్రాఫ్ టూల్స్ ఇప్పుడు అందరి చేతుల్లోకి వస్తున్నాయి. ఫైల్ ఇస్తే ఏఐ నిమిషంలో గీసిస్తుంది. గీయడం ఎంత సులువైతే నమ్మేయడం అంత సులువవుతోంది.

ఫోర్స్ అట్లాస్ 2 లాంటి లేఅవుట్ ఏం చేస్తుందో ఒకసారి చూడండి. చుక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, గీతలు స్ప్రింగుల్లా లాగుతాయి. ఆ తోపులాట ఎక్కడ సర్దుకుంటే అదే బొమ్మ. మళ్లీ మొదటి నుంచి నడిపితే పైనున్నది కిందికి రావచ్చు, ఎడమది కుడికి పోవచ్చు. ఎవరు పైన, ఎవరు మూలన అన్నదానికి అర్థమేమీ లేదు. సైజు, రంగు మనం పెట్టినవి. చూసేవాళ్లకు ఇవేవీ తెలియవు. వాళ్లకు కనబడేది కంప్యూటర్ తేల్చి చెప్పిన తీర్పు.

దీన్ని పద్ధతిగా వాడినవాళ్లు లేకపోలేదు. 2016 ఏప్రిల్‌లో పనామా పేపర్స్ బయటపెట్టిన అంతర్జాతీయ పాత్రికేయుల కూటమి దగ్గర 1.15 కోట్ల పత్రాలు ఉన్నాయి. ఎవరి కంపెనీ ఎవరి పేరు మీద ఉందో వెతకడానికి నియో4జే అనే గ్రాఫ్ డేటాబేస్‌ని, లింక్యూరియస్ అనే విజువలైజేషన్ టూల్‌ని వాడారు. కానీ గీత కనబడగానే వార్త రాసేయలేదు. కనబడిన గీతని పట్టుకుని వందలాది విలేకరులు నెలల తరబడి పత్రాలు సరిచూశారు, మనుషులను అడిగారు. తర్వాత ఆ డేటాబేస్‌ని జనం ముందు పెట్టినప్పుడు కూడా, ఇందులో పేరున్నంత మాత్రాన చట్టం తప్పినట్టు కాదని అక్కడే రాశారు. వాళ్లంత డేటా ఉన్నవాళ్లే ఆ మాట రాసినప్పుడు, 38 చుక్కల నా బొమ్మకి బాణం గుర్తు పెట్టే హక్కు నాకెక్కడిది?

ఇంకో మాట. నా జీతం ఎంతో చెప్పడం నా ఇష్టం, ఎందుకంటే అది నాది. కానీ గీతకి రెండు కొసలు ఉంటాయి. ‘ఈమె ఆమె దగ్గర పని చేస్తుంది’ అన్న సమాచారం ఇద్దరిది. ఒకరు ఒప్పుకుంటే చాలదు. కొత్త ఫోన్ కొని, ఏదో యాప్ వేసుకుని, కాంటాక్ట్స్ పర్మిషన్ అడగ్గానే ‘అలో’ నొక్కేస్తాం చూశారా, అప్పుడు మనం ఇచ్చేది మన డేటా కాదు. మనల్ని నమ్మి నంబర్ ఇచ్చిన నాలుగైదు వందల మందిది. యాప్‌లు మన మీద గీసే గ్రాఫ్ గురించి ఈ సైట్‌లో చాలాసార్లు తిట్టుకున్నాం. అదే పని నేను మా వీధి మీద చేశాను.

వంతెనని చూపించడంలో ఉన్న ప్రమాదం కూడా చెప్పాలి. రాళ్లత్త లాంటి మనిషికి ఉన్న బలమల్లా ఆ మధ్య చోటే. బాబాయి అన్నట్టు ‘మధ్యలో ఎందుకు’ అని తీసేస్తే గ్రాఫ్‌లో ఒక్క చుక్క పోతుంది, అంతే. కానీ అమ్మ ఆ రోజు గట్టిగా మాట్లాడింది. “రాయి ఊడిపోతే మళ్లీ పెట్టించేది ఆమె. జ్వరమొచ్చిన పిల్లకి అడ్వాన్స్ ఇచ్చేది ఆమె. వాళ్లు మనకి తెలుసా? మనం వాళ్లకి తెలుసా?” నా గీతల్లో అవేవీ లేవు. నేను లెక్కపెట్టింది సరుకు చేతులు మారడం ఒక్కటే.

మరి వాడాలా, వద్దా?

వాడాలి. ఇంత జరిగాక కూడా నా మాట అదే. ఆ బొమ్మ లేకపోతే నాన్న 60,000 తీసుకెళ్లి మూడో ప్లేటింగ్ యూనిట్‌కి ఇచ్చేవారు, సరుకు ఆ మూల కవర్లలో అలాగే ఉండేది. రాళ్లత్త దగ్గరికి నన్ను పంపింది గ్రాఫే. తప్పల్లా ముందు బాణం పెట్టి, తర్వాత ఆమె దగ్గరికి వెళ్లడం.

మీరు మొదలుపెట్టాలనుకుంటే నేను దెబ్బ తిని నేర్చుకున్నవి ఇవి.

చిన్న డేటాతో, చేత్తో టైప్ చేసి మొదలుపెట్టండి. వంద వరుసలు చాలు. మీ క్రికెట్ టీమ్‌లో ఎవరు ఎవరికి రనౌట్ అవుతున్నారో అన్నది కూడా గ్రాఫే.

గీత అంటే ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకున్నాకే సాఫ్ట్‌వేర్ తెరవండి. డబ్బా, సరుకా, మాటా? అన్నీ కలిపితే ఊలు ఉండ వస్తుంది.

తేదీ కాలమ్ వదలొద్దు. నేను వదిలాను.

పేర్లు తెర మీద పెట్టొద్దు. నంబర్లు పెట్టి, ఏ నంబర్ ఎవరో వేరే చోట దాచుకోండి. నాలాగా గ్రూప్‌లో మాత్రం పడేయొద్దు.

బొమ్మలో పెద్దగా కనబడిన చుక్క ఎవరో, ముందు వాళ్లకే చూపించండి. వాళ్లు అడిగే మొదటి ప్రశ్నకి మీ దగ్గర జవాబు లేకపోతే, మీ గ్రాఫ్ ఇంకా పూర్తి కాలేదు.

నాన్న ఇప్పుడు ప్లేటింగ్‌కి సరుకు పంపే రోజే రాళ్లు కొంటున్నారు. దానికి చేతిలో కొంచెం డబ్బు ఉంచుకోవాలి, అది ఆయనకి కష్టంగానే ఉంది. కార్తీక మాసం ఆర్డర్లలో నాలుగు రోజుల ఎదురుచూపు ఒక రోజుకి వచ్చింది. ఆలస్యాలు పూర్తిగా పోలేదు. అడ్వాన్స్ డబ్బు మాత్రం ఇంట్లోనే ఉంది.

పని మానేసిన ఆవిడ మాత్రం తిరిగి రాలేదు. బాబాయి అప్పుడప్పుడు “ఆ ఫైల్ ఒకసారి పంపరా” అంటాడు. పేర్లున్న ఫైల్ డిలీట్ చేశానని చెప్పాను. చేశాను కూడా. కానీ గ్రూప్‌లో పెట్టిన ఆ బొమ్మ ఎవరెవరి గ్యాలరీల్లో ఉందో నాకు తెలియదు.